వాల్తేరు నుండి జెనీవా దాకా: సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి విద్యాయాత్ర

ప్రతి ఏటా సెప్టెంబరు 5వ తేదీన మన బడులలో, కళాశాలలలో తెల్లని తలపాగా పెట్టుకున్న ఒక పెద్దమనిషి పటానికి పూలదండ వేస్తారు. ఆయన ఎవరని పిల్లలడిగితే రాష్ట్రపతిగా చేశారు, గొప్ప తత్త్వవేత్త అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాము. నేను విశ్వవిద్యాలయ కార్యాలయంలో గుమాస్తాగా చేరి ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన వాడిని. డిగ్రీ ఎన్నేళ్ళు ఉండాలి, యూజీసీ గ్రాంటు ఎలా ఖర్చు చేయాలి, పరాయి దేశపు పట్టా మన ఏ పట్టాకు సమానం అన్న ఫైళ్ళు చూస్తూనే సర్వీసంతా గడిచింది. ఆ ఫైళ్ళ మూలాలు వెదుక్కుంటూ వెనక్కి వెళితే చాలాసార్లు రాధాకృష్ణన్ గారి దగ్గర తేలేవాడిని. కనుక ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు కోరగానే, తత్త్వశాస్త్రం జోలికి పోకుండా, ఉన్నత విద్య కోసం దేశాల మధ్య తిరిగిన రాధాకృష్ణన్ గారిని గురించి వ్రాయాలని అనుకున్నాను.

ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామాన్ని బట్టి వచ్చింది. తండ్రి వీరాస్వామి గారు ఒక జమీందారు వద్ద చిన్న రెవిన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తిరుత్తణి చాలాకాలం మన చిత్తూరు జిల్లాలోనే ఉండి, 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. ఆ సంగతి మన తరం వారికి తెలుసు, పిల్లలకు చెప్పాలి.

తిరుపతిలో ఆయన చదివిన పాఠశాల జర్మనీ దేశపు లూథరన్ మిషను వారిది. తరువాత వేలూరులో చదివి, అటుపై మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. అక్కడ తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం వింటే నవ్వు వస్తుంది. బంధువుల అబ్బాయి ఒకడు ఆ పరీక్ష ప్యాసై తన పుస్తకాలు ఇచ్చేశాడు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఇంటి కుర్రవాడికి అదే దారి అయింది. మధ్యతరగతి ఇళ్ళలో పెద్దవాడి పుస్తకాలు చిన్నవాడికి దిగడం మనకు కొత్త కాదు, కానీ ఒక దేశపు చరిత్రలో అంత ప్రభావం చూపిన పాత పుస్తకాలు అరుదు.

ఆ కళాశాలలో అధ్యాపకులు మిషనరీలు. ఆయనకు చదువు చెప్పినదీ వారే, హిందూ ధర్మంలో నీతికి చోటు లేదన్న విమర్శ ఆయన చెవిన పడిందీ అక్కడే. కోపగించి చదువు మానలేదు, తలవంచి ఒప్పుకోనూ లేదు. వారి తర్కపద్ధతి నేర్చుకుని, వారి భాషలోనే, వేదాంతంలో నీతి గురించి ఎం.ఏ.కు వ్యాసం వ్రాశారు. అది 1908లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్న వారిలో ఆయన గురువు, మిషనరీ అయిన ఏ.జి. హాగ్ గారు కూడా ఉన్నారు. పరాయివాడి వద్ద నేర్చుకోవడం, నేర్చుకున్నదానితో సరిసమానంగా నిలబడి జవాబివ్వడం ఆయనకు అప్పుడే పట్టుబడింది. తరువాత విశ్వవిద్యాలయాల విషయంలో ఆయన చేసిన పనంతా ఈ రెండు కాళ్ళ మీదే నడిచిందని నా అభిప్రాయం.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం. మన రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలలోనూ కొంతకాలం పనిచేశారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు వెళ్ళారు. 1921లో అశుతోష్ ముఖర్జీ గారు పట్టుబట్టి కలకత్తా విశ్వవిద్యాలయానికి పిలిపించి, ఐదవ జార్జి పేరిట ఉన్న తత్త్వశాస్త్ర పీఠం ఇచ్చారు. మైసూరు విడిచి వెళ్ళేనాడు విద్యార్థులు బండికి గుర్రాలు విప్పేసి, తామే స్టేషను దాకా లాక్కెళ్ళారన్న సంగతి ప్రసిద్ధమే.

1926 ఆయన జీవితంలో మలుపు. అంతవరకు ఆయన సముద్రం దాటలేదు. ఆ ఏడు కేంబ్రిడ్జిలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా ప్రతినిధిగా వెళ్ళారు. ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కళాశాలలో హిందూ జీవన దృష్టిపై ఉపన్యాసాలిచ్చారు. అవి మరుసటి ఏడు పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చదివింది. అక్కడినుండి అమెరికా వెళ్ళి హార్వర్డులో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలో మాట్లాడారు. ఆయనకు విదేశీ పట్టా లేదన్న సంగతి ఇక్కడ గమనించాలి. ఆ రోజుల్లో పెద్ద ఆచార్య పదవికి విదేశీ చదువు ఒక యోగ్యతాపత్రంలా ఉండేది. ఈయన మాత్రం విదేశాలకు మొదటిసారి వెళ్ళడమే పాఠం చెప్పడానికి వెళ్ళారు.

ఆయన జీవితంలో వివాదం లేదని వ్రాస్తే అది జీవిత చరిత్ర కాదు. 1929లో జదునాథ్ సిన్హా అనే పండితుడు తన పరిశోధన వ్యాసంలోని భాగాలను రాధాకృష్ణన్ గారు తన గ్రంథంలో వాడుకున్నారని ఆరోపించి కోర్టుకు వెళ్ళారు. ఈయనా ఎదురు దావా వేశారు. 1933లో రాజీ కుదిరింది. తీర్పు అంటూ రాలేదు కాబట్టి దానిపై తీర్పు చెప్పడం మన పని కాదు.

ఇక మన ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగతి. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు చేరింది. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేయగా, 1931లో రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యత తీసుకున్నారు. అప్పటికి అక్కడ ఉన్నది సముద్రపుగాలి, కొండ, కొన్ని కట్టడాలు, ఎన్నో కోరికలు. డబ్బు తక్కువ. జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలిచ్చే ఏర్పాటు చేసి ఆదుకున్నారు. ఆ కాలపు లక్ష ఎంతో పింఛనుదారులకు చెప్పనక్కరలేదు. వైజ్ఞానిక, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

ఉపకులపతిగా రాధాకృష్ణన్ గారి ప్రత్యేకత మనుషులను ఎంచుకోవడంలో ఉంది. ఆక్స్‌ఫర్డులో చదివి అప్పుడే తిరిగివచ్చిన బెంగాలీ యువకుడు హుమాయూన్ కబీర్‌ను పిలిచారు. ఆయన తరువాత కేంద్రమంత్రి అయ్యారు. ఆక్స్‌ఫర్డు నుండే వచ్చిన హీరేన్ ముఖర్జీనీ తెచ్చుకున్నారు. ఆయన తరువాత కమ్యూనిస్టు నాయకుడై లోక్‌సభలో మహావక్తగా పేరుపొందారు. భౌతికశాస్త్రానికి సి.వి. రామన్ గారి శిష్యుడు సూరి భగవంతం గారు, రసాయనశాస్త్రానికి ఇంగ్లండులో పరిశోధన చేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రి గారు, తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం గారు. ఎవరిది ఏ ప్రాంతం, ఏ మతం, ఏ రాజకీయం అని చూడలేదు. వయసు కూడా చూడలేదు. వీరిలో చాలామంది ముప్పై దాటనివారే. 1933లో రవీంద్రనాథ ఠాగూర్ గారు వాల్తేరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. రైలు దిగితే ఊరు కనిపించని రోజుల్లో అక్కడికి అంతటివారు రావడం మన ప్రాంతానికి ఎంత గౌరవమో ఊహించండి.

నియామకాల గురించి ఒక్కమాట. మంచివారిని తెచ్చుకోవడం వేరు, నిలుపుకోవడం వేరు. కబీర్, ముఖర్జీ కొద్దికాలానికే కలకత్తా వెళ్ళిపోయారు. భగవంతం, శేషాద్రి గార్లు మాత్రం ఏళ్ళ తరబడి వాల్తేరులో ఉండి ప్రయోగశాలలు నిలబెట్టారు. అక్కడ తయారైన శిష్యులు దేశమంతా వ్యాపించారు. 1936లో మళ్ళీ వచ్చిన రామలింగారెడ్డి గారు ఆ పనిని 1949 వరకు కొనసాగించారు. కొందరు ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాదులాడుకుంటారు. నాకు ఆ వాదం అనవసరమనిపిస్తుంది.

వాల్తేరులో ఉంటూనే రాధాకృష్ణన్ గారు జెనీవా వెళ్ళివచ్చేవారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఏర్పడిన నానాజాతి సమితి 1922లో మేధావుల సహకారానికి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టింది. మొదటి అధ్యక్షుడు ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ సభ్యులు. మన దేశం నుండి జగదీశ్ చంద్ర బోస్ గారు ఉండేవారు. ఆయన తరువాత 1931లో రాధాకృష్ణన్ గారిని నియమించారు. అప్పటి అధ్యక్షుడు ఆక్స్‌ఫర్డు గ్రీకు పండితుడు గిల్బర్ట్ మరే. ఆంధ్రదేశంలో కొత్తగా వెలసిన ఒక విశ్వవిద్యాలయపు ఉపకులపతి, మేడమ్ క్యూరీ సభ్యురాలిగా ఉన్న సంఘంలో కూర్చున్నారన్నమాట.

ఆ సంఘం చర్చించిన విషయాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక దేశపు పట్టాను మరో దేశం గుర్తించడం ఎలా, ఆచార్యులనూ విద్యార్థులనూ మార్చుకోవడం ఎలా, పక్కదేశాన్ని ద్వేషించమని నేర్పే చరిత్ర పాఠాలను సరిదిద్దడం ఎలా, గ్రంథాలయాలను కలపడం ఎలా. నూరేళ్ళు కావస్తోంది, ఇవే విషయాలు నేటికీ సమావేశాల ఎజెండాలో ఉన్నాయి. సంఘానికి సొంత నిధులు చాలా తక్కువ. పారిస్‌లో ఒక కార్యాలయం ఫ్రాన్స్ ప్రభుత్వ సహాయంతో నడిచేది. సభ్యులలో అధికసంఖ్యాకులు యూరపువారు కావడంతో ప్రపంచమంటే యూరపే అన్న ధోరణి ఉండేది. ఆసియాకు కూడా మనసు ఉంది, గ్రంథాలున్నాయి, ఇవ్వగలిగినది ఉంది అని గుర్తుచేసే పని కొద్దిమంది మీద పడింది. 1939లో యుద్ధం వచ్చి, ఆ సంఘం పని దాదాపు ఆగిపోయింది. కాగితాలు మిగిలాయి. అయితే కార్యాలయాలలో పనిచేసిన మనకు తెలుసు, మంచి ఫైలు మూతపడినా ఎవరో ఒకరు ఎప్పుడో తెరుస్తారు.

1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రానికి స్పాల్డింగ్ అనే దాత కొత్త పీఠం నెలకొల్పగా, దానికి మొదటి ఆచార్యుడిగా రాధాకృష్ణన్ గారిని ఎన్నుకున్నారు. ఆక్స్‌ఫర్డులో పీఠం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మనవారు అక్కడికి విద్యార్థులుగా వెళ్ళడం అప్పటికే మామూలు. మనదేశం ఇంకా వారి పాలనలో ఉండగా, వారి పిల్లలకు మనవాడు గురుపీఠం మీద కూర్చుని పాఠం చెప్పడం మాత్రం అదే మొదలు. 1952 వరకు ఆ పదవిలో ఉన్నారు.

అయితే ఆయన అక్కడే స్థిరపడిపోలేదు. కొంతకాలం ఏడాదిలో కొన్ని నెలలు ఆక్స్‌ఫర్డు, మిగతా కాలం కలకత్తా. 1939లో మదనమోహన మాలవీయ గారు వృద్ధాప్యంతో కాశీ హిందూ విశ్వవిద్యాలయం భారం దింపుకోదలచి ఈయనను అడిగారు. ఒప్పుకున్నారు. కలకత్తా నుండి వారాంతాల్లో రైలులో కాశీకి వెళ్ళివచ్చేవారు. 1941లో కలకత్తా పదవి వదిలారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో విద్యార్థులు పాల్గొనడంతో సైన్యం ఆ ప్రాంగణాన్ని ఆక్రమించింది. దానిని యుద్ధ ఆసుపత్రిగా మార్చే ప్రయత్నం జరిగింది. ఈయన ఢిల్లీకి పరుగెత్తి, పై అధికారులతో మాట్లాడి ఆపించారు. ప్రభుత్వ గ్రాంటు నిలిచిపోతే దాతల వద్దకు వెళ్ళి విశ్వవిద్యాలయాన్ని నడిపించారు. ఒక చేతిలో ఆక్స్‌ఫర్డు పీఠం, మరో చేతిలో బ్రిటిషు సైనికులు ఆక్రమించిన ప్రాంగణపు తాళాలు. ఇంగ్లండు విద్వాంసులతో స్నేహం చెడలేదు, ఇంగ్లండు ప్రభుత్వానికి భయపడలేదు.

యుద్ధం ముగిశాక జెనీవా సంఘం పనిని యునెస్కో అందుకుంది. 1946లో పారిస్‌లో జరిగిన మొదటి మహాసభకు భారత ప్రతినిధివర్గ నాయకుడు రాధాకృష్ణన్ గారే. 1948-49లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులయ్యారు. 1952లో మహాసభకే అధ్యక్షత వహించారు. అప్పటికి ఆయన మన ఉపరాష్ట్రపతి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 1948 నవంబరులో ప్రభుత్వం నియమించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషను. స్వాతంత్ర్యం వచ్చి పదిహేను నెలలు. అధ్యక్షుడు రాధాకృష్ణన్ గారు. సభ్యులలో జాకీర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, తారాచంద్, మద్రాసు ఉపకులపతి లక్ష్మణస్వామి మొదలియార్ గార్లు ఉన్నారు. వారి పక్కన ముగ్గురు విదేశీయులు. ఇంగ్లండు నుండి డర్హమ్ విశ్వవిద్యాలయపు జేమ్స్ డఫ్, అమెరికా నుండి ఆర్థర్ మోర్గన్, జాన్ టైగర్ట్. తెల్లవారు వెళ్ళిన మరుసటి సంవత్సరమే మన విశ్వవిద్యాలయాలు ఎలా మారాలో చెప్పే సంఘంలో తెల్లవారిని కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఇప్పుడు వారు పాలకులు కారు, సభ్యులు. అధ్యక్షపీఠం మనది, సంతకం మనది.

ఆర్థర్ మోర్గన్ గారి సంగతి చెప్పితీరాలి. ఆయన ఇంజనీరు. టెన్నెసీ లోయ అథారిటీకి మొదటి ఛైర్మన్. అంతకుముందు ఆంటియాక్ కళాశాల అధ్యక్షుడిగా, విద్యార్థులు కొన్నాళ్ళు చదువు, కొన్నాళ్ళు ఉద్యోగం చేసే పద్ధతి పెట్టారు. కమిషను నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాల అధ్యాయంలో ఎక్కువ భాగం ఆయన ఆలోచనే. పల్లెలకు చదువు కావాలంటే పట్నపు కళాశాలను పల్లెలో పెడితే చాలదు, పల్లె పనుల నుండి చదువు పుట్టాలని దాని సారం. ఇందుకు ఒకవైపు డెన్మార్కు జానపద కళాశాలలు, మరోవైపు గాంధీ గారి నయీ తాలీం ఆదర్శాలు. ఒక అమెరికా ఇంజనీరు మన పల్లెల కోసం ఇంత ఆలోచిస్తే, 1956లో కొన్ని గ్రామీణ సంస్థలు పెట్టి చేతులు దులుపుకున్నాము. ఇది నాకు నేటికీ బాధే.

కమిషను 1948 డిసెంబరులో పని మొదలుపెట్టి 1949 ఆగస్టుకల్లా పెద్ద నివేదిక ఇచ్చింది. గడువు మీద గడువు అడిగే నేటి కమిటీలు గమనించదగ్గ విషయం. పన్నెండేళ్ళ చదువు తరువాతే విశ్వవిద్యాలయంలో చేర్చుకోవాలని, మొదటి డిగ్రీ మూడేళ్ళుండాలని, పరీక్షల పద్ధతి మార్చడం అన్నిటికన్నా ముఖ్యమని, గ్రాంట్లు ఇచ్చే స్వతంత్ర సంఘం ఉండాలని చెప్పింది. అధ్యాపకుల జీతాలు పెంచాలని, ప్రావిడెంట్ ఫండు, సెలవులు, పనిగంటలు స్పష్టంగా నిర్ణయించాలని, 60 ఏళ్ళకు పదవీ విరమణ, అవసరమైతే ఆచార్యులకు 64 వరకు అని సూచించింది. ఉద్యోగి రేపటి గురించి బెంగపడుతుంటే ఈనాటి పాఠం కుదరదని ఆ కమిషను గ్రహించింది. మన సంఘ సభ్యులకు ఈ భాగం ఇష్టంగా ఉంటుంది. స్త్రీవిద్య అధ్యాయం మాత్రం ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. ఆడపిల్లలకు గృహవిజ్ఞానం, నర్సింగు, ఉపాధ్యాయ వృత్తి అని గీత గీసినట్టుంది. మన ఇళ్ళలో ఇంజనీర్లయిన మనుమరాళ్ళు ఆ పేజీలు చదివితే నవ్వుతారు.

సిఫారసులలో కొన్ని నిలిచాయి. యూజీసీ 1953 డిసెంబరులో ప్రారంభమై 1956లో చట్టబద్ధమైంది. విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చడం 1976 దాకా జరగలేదు. మన రాష్ట్రంలో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969-70లో వచ్చింది. పరీక్షల సంస్కరణ సంగతి మీకే తెలుసు.

పన్నెండుకు మూడు కలిపితే పదిహేను. ఈ లెక్క నా బల్ల మీదకు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. బి.ఎస్సీ. ప్యాసైన కుర్రవాడు అమెరికాలో ఎం.ఎస్.కు దరఖాస్తు పెడితే, అక్కడివారు పదహారేళ్ళ చదువు చూపమనేవారు. ఇంజనీరింగు వాడికి నాలుగేళ్ళు కాబట్టి ఇబ్బంది లేదు, బి.ఎస్సీ. వాడు ఇక్కడ ఎం.ఎస్సీ. అయినా చేసి వెళ్ళాలి. ఒక అబ్బాయి తండ్రి, బస్సు కండక్టరు, మా అబ్బాయి ఫస్టు క్లాసు కదండీ, వాళ్ళకు ఒక ఉత్తరం వ్రాయండి అని నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రిజిస్ట్రారు గారి సంతకంతో సిలబస్ జతచేసి ఉత్తరం పంపాము. ఫలితం రాలేదు. ఆ అబ్బాయి ఎం.ఎస్సీ. చేసి రెండేళ్ళు ఆలస్యంగా వెళ్ళాడు. పట్టాల సమానత గురించి జెనీవాలో కూర్చుని మాట్లాడినవారు ఎందుకు మాట్లాడారో నాకు ఆ కండక్టరు గారిని చూశాకే అర్థమైంది. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ళ డిగ్రీకి దారి తెరిచింది. 2023లో విదేశీ విశ్వవిద్యాలయాలు ఇక్కడే శాఖలు పెట్టుకోవడానికి యూజీసీ నిబంధనలు తెచ్చింది. మంచిదే. అయితే రాధాకృష్ణన్ గారు నడిచిన దారిలో రాకా, పోకా రెండూ ఉండేవి. మన పిల్లలు ఏటా వేలల్లో వెళుతున్నారు. అక్కడినుండి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవారు ఎందరో లెక్క వేసుకుంటే నాకు మనసు చిన్నబోతుంది.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1949 నుండి 1952 వరకు మాస్కోలో రాయబారిగా ఉన్నారు, ఆ రోజుల్లో కూడా ఆక్స్‌ఫర్డు పాఠాలు మానలేదు. 1952 నుండి పదేళ్ళు ఉపరాష్ట్రపతి. 1954లో భారతరత్న. 1956లో ధర్మపత్ని శివకామమ్మ గారు కన్నుమూశారు. 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి. తన పుట్టినరోజు చేస్తామన్న వారితో ఆ రోజును ఉపాధ్యాయులందరి పేర జరపమన్నారు.

పదవీ విరమణ తరువాత మద్రాసులోని మైలాపూరు ఇంటికి చేరి, 1975 ఏప్రిల్ 17న పరమపదించారు. మరణానికి కొద్దికాలం ముందే ఆయనకు టెంపుల్టన్ బహుమతి ప్రకటించారు. ఆ సొమ్ము మొత్తం ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. తిరుత్తణిలో పుట్టి, బంధువు ఇచ్చిన పాత పుస్తకాలతో చదువుకున్న కుర్రవాడి పేర ఆక్స్‌ఫర్డుకు చేరిన విరాళమది. 1989 నుండి అదే ఆక్స్‌ఫర్డులో ఆయన పేరిట విద్యార్థి వేతనాలు కూడా ఏర్పడ్డాయి.